యశోద చూసినంత వరకు

ఐలమ్మ వచ్చేసరికి యశోద వాకిట్లో బట్టలు పిండుతోంది. ఆదివారం, పదకొండు దాటింది. చర్చి నుంచి తిరిగొస్తున్న ఆటోలు సందు మలుపులో హారన్లు కొడుతున్నాయి.

"యశోదా, నీ ఫోను ఇంగ్లీషు సదువుతదంట గద. జర గివి సూడు," అంటూ ఐలమ్మ గడప మీదే కూలబడి ప్లాస్టిక్ కవర్లోంచి మూడు కాగితాలు తీసింది.

యశోద చేతులు తుడుచుకుని లోపలి నుంచి ఫోన్ తెచ్చింది. ఐలమ్మ ఎల్లం భార్య. ఎల్లం, యశోద ఆరేళ్లుగా రామాయంపేట రోడ్డులోని అట్టపెట్టెల కంపెనీలో ఒకే మిషన్ దగ్గర పని చేస్తున్నారు. ఎల్లం అట్టను పంచింగ్ మిషన్ దవడల్లో పెడతాడు, అది మూసుకుని తెరుచుకునేలోగా ఇంకో అట్ట అందుకుంటాడు. కోసిన అట్టల్ని పక్కనే నిలబడి యశోద దులిపి, అంచులు, చిల్లుల ముక్కలు ఊడదీసి కట్టలు పేరుస్తుంది. ఇరవై రోజుల కింద ఆ దవడల మధ్య ఎల్లం కుడిచేతి వేళ్లు మూడు పోయాయి.

మొదటి కాగితం దవాఖానాది. యశోద ఫోటో తీసింది. ఫోన్‌లోని ఏఐ గొంతు ఎప్పటిలాగే పుస్తకాల తెలుగులో, తొందర లేకుండా చెప్పింది: చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు రెండో కణుపు వరకు తొలగించారు. మూడు రోజులకోసారి కట్టు మార్చాలి. ఐలమ్మ తల ఊపుతూ విన్నది. అదంతా ఆమెకు తెలిసిందే.

రెండోది కార్మిక శాఖ ఆఫీసుకు కంపెనీ ఇచ్చిన జవాబు. ఐలమ్మ పెట్టుకున్న దరఖాస్తుకు బదులుగా పంపిన నకలు. "మిషన్‌కు ఉన్న రక్షణ కడ్డీని ఎల్లం ఆ రోజు తానే విప్పి, ఫోన్‌లో మాట్లాడుతూ పని చేశాడు. కాబట్టి కంపెనీకి ఏ బాధ్యతా లేదు. స్వయంగా చూసిన తోటి కార్మికుల వాంగ్మూలం జత చేశాం," అంది ఫోన్.

"ఎవడాడు?" ఐలమ్మ ముఖం నల్లబడింది. "ఎవడు సూసిండంట?"

మూడో కాగితం యశోద చేతిలో ఉంది. అంతా ఇంగ్లీషు, టైపు కొట్టింది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అడుగున మాత్రం నీలి సిరాతో, తోక సాగిన 'య'తో తెలుగు సంతకం ఉంది. ఏడో తరగతిలో తాను సంతకం నేర్చుకున్నప్పటి నుంచి ఆ తోక అలాగే సాగుతుంది.

ఐలమ్మకు తెలుగు కూడా చదవరాదు. గిది గూడ గదే వదినా, అని మడిచి ఇచ్చేస్తే అయిపోతుంది. యశోద బొటనవేలు ఫోన్ అద్దం మీద ఆగింది. తడి వేలికి అద్దం జారింది. కొంగుకు తుడుచుకుని ఫోటో తీసింది.

"యశోద అనే నేను, ఎల్లం రక్షణ కడ్డీని విప్పడం, ఎడమ చేతితో ఫోన్ పట్టుకుని మాట్లాడుతూ కుడి చేతిని మిషన్‌లో పెట్టడం స్వయంగా చూశాను. ఇందులో కంపెనీ తప్పు లేదు. ఇది నా ఇష్టపూర్వకంగా చెబుతున్నాను."

సందులో ఎవరో నీళ్ల ట్యాంకరు కోసం పరుగెత్తుతున్నారు. ఐలమ్మ లేచింది. మూడు కాగితాలూ ఒక్కొక్కటిగా అందుకుని కవర్లో పెట్టుకుంది.

"వదినా, నాకు ఎరుక లేదు. నాకు సదివి చెప్పలే..."

"సంతకం నీదేనా?"

"నాదే."

ఐలమ్మ చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి నాలుగడుగులు పోయి, వెనక్కి వచ్చి తొడుక్కుని పోయింది.

ఆ మధ్యాహ్నం యశోద పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. పాపన్నపేట దారిలో షేర్ ఆటో నడిపే ఆమె భర్త మల్లేశ్ ఒక ముద్ద తిని కంచం జరిపాడు. విషయం చెబితే, "మనకెందుకు గా లొల్లి? నువ్వు రాసినవా ఏంది? రాసినోళ్లు సూసుకుంటరు," అన్నాడు. ఆమె ఆరిన బట్టల్ని మడిచింది. మడిచినవి విప్పి మళ్లీ మడిచింది.

*

సోమవారం పొద్దున పని మొదలయ్యే ముందే మేనేజర్ మదన్ మోహన్ క్యాబిన్ తలుపు దగ్గర నిలబడింది. ఆయన మర్యాదస్తుడు. ఎవరినీ తిట్టడు. ఆడవాళ్లను పేరు చివర అమ్మ చేర్చి పిలుస్తాడు.

"రా యశోదమ్మా. ఏంది సంగతి?"

"సార్, నేను సంతకం పెట్టిన కాగితంల ఎల్లమన్న కడ్డీ ఇప్పంగ నేను సూసిన్నని ఉందంట. నేను గట్ల చెప్పలే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నిన్ను అడిగిన్నా లేదా? దగ్గర ఉన్నవా అంటే ఉన్ననన్నవు."

"ఉన్ననన్న సార్. సూసిన అనలే."

"దగ్గర ఉన్నోళ్లే గదమ్మా సూసేది." చిన్నగా నవ్వాడు. "అది ఫార్మాట్. వకీలు చెప్పిన తీరు. మిషన్ల తప్పుందని రాసిస్తే రేపు వచ్చి సీల్ చేస్తరు. డెబ్బై మంది ఏడికి పోతరు చెప్పు? ఎల్లాన్ని నేను ఇడిచిపెడతనా? చేయి మానినంక గేటు కాడ కూసోబెడ్త. గురువారం ఆఫీసుల విచారణ ఉంది. నీ కాగితం ఉన్నది గనుక నువ్వు రానక్కర్లేదు. నిమ్మలంగ పని చేసుకో."

పక్క బల్ల మీద హెచ్చార్‌లో పనిచేసే అంకిత కంప్యూటర్లోకి చూస్తూ ఉంది. ఇరవై మూడేళ్ల పిల్ల. ఆ రోజు ఆ కాగితం టైపు చేసి పెన్ను ఇచ్చింది ఆమే. అప్పుడు యశోద చీర కుచ్చెళ్ల మీద నెత్తురు ఇంకా తడిగా ఉంది. ఇక్కడ పెట్టండమ్మా అని వేలు పెట్టి చూపిస్తే యశోద సంతకం పెట్టింది. తన ఫోన్ భోజనం సంచిలో ఉండిపోయింది. అసలు అడగాలనే తోచలేదు.

పంచింగ్ మిషన్ మీద ఇప్పుడు కొత్త మనిషి. నిదానంగా, భయంభయంగా అట్ట పెడుతున్నాడు. యశోద చేతులకు ఆ లయ అందడం లేదు. అంచులు ఊడదీయబోతే పెట్టె చెవులు చిరిగాయి. ఇరవై ఐదు అనుకున్న కట్టలో ఇరవై రెండే వచ్చాయి. మూడుసార్లు విప్పి లెక్కపెట్టింది. పక్కన అట్టలు పేరుస్తున్న భూలక్ష్మి, ఆ విభాగంలో అందరికన్నా పెద్దది, "నిద్ర పోలేదా?" అంది. యశోద ఆ కట్టను మళ్లీ విప్పింది.

*

మంగళవారం భోజనాల వేళ ఆశాను వెంటబెట్టుకుని పేర్చిన అట్టల వెనక్కి పోయింది. పెట్టెలకు పిన్నులు కొట్టే మిషన్ ఆశాది. ఉగాది తర్వాత యశోద ఫోన్‌లో ఏఐ వేసి ఇచ్చింది ఆమే. అంతవరకు ఏ పెట్టె ఎన్ని కొట్టాలో, ఏ సైజో రాసిన ఇంగ్లీషు కార్డు కోసం సూపర్‌వైజర్ వచ్చి చదివేదాకా ఆడవాళ్లు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. ఇప్పుడు యశోద పని మొదలుకాకముందే కార్డు ఫోటో తీసి విని, అందరికీ చెబుతుంది.

"నేను నా మాట నేనే రాసిస్త," అంది యశోద. "తెలుగుల. ఎట్ల మొదలువెట్టాల్నో తెలుస్తలేదు. కడుపుల ఉన్నది గని వరసకు రాదు."

"ముందుగాల దానికి చెప్పుక్కా. అది రాసిస్తది. నువ్వు సూసి దించుకో."

యశోద ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని గొంతు తగ్గించి, ఆగి ఆగి చెప్పింది. ఎల్లమన్న మంచోడని, ఆరేళ్లలో ఒక్క దెబ్బ తగలలేదని, కడ్డీ ఎప్పటి నుంచో లేదని, తనతో తెలియక సంతకం పెట్టించారని. క్షణంలో నిలువెత్తు ఉత్తరం వచ్చింది. ఆశా చదవడం మొదలుపెట్టింది. గౌరవనీయులైన అధికారి గారికి. ఘోర అన్యాయం. ఆ తర్వాత, "ప్రమాద సమయంలో ఎల్లం పూర్తి శ్రద్ధతో పని చేస్తున్నాడు. అతను ఫోన్‌లో మాట్లాడలేదు..."

"ఆగాగు. నేను గట్ల చెప్పిన్నా?"

"చెప్పలే గని, ఉండనియ్ అక్కా. ఎల్లమన్నకు మంచిదే గద."

యశోద అరచేతిలోని అట్టదుమ్ము దులుపుకుంది. "నేను గప్పుడు మళ్లి ఉన్న. నా ఈపు మిషన్ దిక్కున్నది. మాట్లాడిండో లేదో నాకేమెరుక?"

"గంత పట్టుకుంటే ఎట్ల? వాళ్లు రాయలేదా అబద్ధం?"

"గందుకే." యశోద ఫోన్ అందుకుంది. "నేను సూడంది నువ్వెట్ల రాస్తవు? తీసెయ్యి," అంది, ఎదుట ఉన్న మనిషితో అన్నట్టు.

"క్షమించండి. మీరు చెప్పని మాట చేర్చాను," అంది ఏఐ గొంతు. "మీరు చూసినవి, విన్నవి, చూడనివి విడివిడిగా రాస్తాను. కొన్ని ప్రశ్నలు అడగవచ్చా? ఆ సమయంలో మీరు ఎటు తిరిగి ఉన్నారు? మొదట ఏ శబ్దం విన్నారు?"

ఈ ఇరవై రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. యశోద కళ్లు మూసుకుంది. ఆ రోజు తాను అట్టల కట్టకు దారం బిగిస్తోంది. వెనక మిషన్ గుబుక్, గుబుక్ అని మూసుకుంటోంది. "మొదలు ఏం ఇనబడలే," అంది మెల్లగా. "మిషన్ సప్పుడు మారలే. కడ్డీ ఉన్నప్పుడైతే చేయి అడ్డమొస్తే తక్కున ఆగేది. ఆగలే. మళ్లొకసారి గూడ మూసుకున్నది. గప్పుడు 'అవ్వా' అన్నడు. నేను మళ్లి ఎర్ర బటన్ కొట్టిన. ఒకసారి కొడితే ఆగలే. రెండోసారి ఆగింది."

ఆశా తింటున్న అన్నం డబ్బా మూత పెట్టేసింది.

"కడ్డీ లేకపోవడం మీరు మొదటిసారి ఎప్పుడు గమనించారు? దాన్ని తీయడం చూశారా?"

"బతుకమ్మ ముందుగాల. మిఠాయి డబ్బాల ఆర్డరు మస్తు ఉండె. కడ్డీ తగిలి ఊకె ఆగుతున్నదని ఫిట్టర్ రిచర్డ్ ఇప్పి భుజం మీద ఏసుకొని నా ముంగటి నుంచే పోయిండు. ఎవరు తీయమన్నరో నేను ఇనలే."

"అంటే దాదాపు తొమ్మిది నెలలుగా అది లేదు. ఇప్పుడు అది ఎక్కడ ఉందో మీకు తెలుసా?"

యశోద కళ్లు తెరిచింది. ఆశా ముఖంలోకి చూసింది. ఇద్దరూ రోజూ దాని పక్క నుంచే నడుస్తారు.

ఈసారి వచ్చిన ఉత్తరం సగం కూడా లేదు. అన్యాయం అనే మాట లేదు. ఆ రాత్రి వంట కాకముందే యశోద గుమ్మంలో కూర్చుని తెల్లకాగితం మీద దాన్ని దించుకుంది. రోజుకు రెండువేల అట్టలు ఊడదీసే వేళ్లకు పెన్ను బరువైంది. 'నా వీపు మిషన్ వైపు ఉంది, అతను ఏం చేస్తున్నాడో నేను చూడలేదు' అన్న వాక్యం దగ్గర చేయి ఆగింది. ఈ ఒక్క ముక్కే ఎల్లమన్నకు అడ్డం తగిలితే? ఐలమ్మ ముందు ఇంకోసారి ఎలా నిలబడాలి? లేచి పొయ్యి వెలిగించింది. ఆర్పింది. వచ్చి ఆ వాక్యం పూర్తి చేసింది.

*

గురువారం సగం రోజు సెలవు అడిగితే సూపర్‌వైజర్ పలకలేదు. ఇచ్చినట్టే లెక్క అనుకుని యశోద గేటు దాటింది.

కార్మిక శాఖ ఆఫీసు వరండాలో ఎల్లం, ఐలమ్మ బెంచీ మీద ఉన్నారు. ఎల్లం కట్టు కట్టిన చేతిని ఒళ్లో చంటిపిల్లలా పెట్టుకున్నాడు. యశోదను చూసి లేవబోయాడు. ఐలమ్మ మోకాలితో అతన్ని ఆపి గోడ వైపు తిరిగింది.

లోపల మదన్ మోహన్ ఫైలు తెరిచి సిద్ధంగా ఉన్నాడు. అంకిత అతని వెనక నిలబడింది. ఆఫీసర్ యాభై దాటిన మనిషి. యశోద ఇచ్చిన కాగితాన్ని కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

"సార్, ఈమె సొంతంగ రాసింది కాదు," మదన్ మోహన్ నెమ్మదిగానే అన్నాడు. "ఫోన్‌ల ఏఐ అని ఒకటుంటది. మంగళవారం దానితోని ఈమె మాట్లాడంగ మా సూపర్‌వైజర్ ఇన్నడు. అది రాసింది. ఈమె దించింది. ఈమె చదివింది ఏడో తరగతి. గిట్లాంటిది సాక్ష్యమెట్లయితది?"

"అవునా అమ్మా? ఫోన్ రాసిందా?"

"అవు సార్," అంది యశోద. "నేను చెప్పిన. అది రాసింది. ఒకసారి నేను చెప్పంది రాస్తే తీసెయ్యమన్న. తీసేసింది. ఉన్నదంత నాకు సదివి ఇనిపించింది."

ఆఫీసర్ ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి, పక్కన కంపెనీ ఇచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని పెట్టాడు. కాసేపు రెంటినీ చూశాడు.

"ఏడో తరగతి చదివినామె. మరి ఈ ఇంగ్లీషు ఎవరు రాసిండ్రు, మదన్ మోహన్ గారూ? ఈమెకు చదివి చెప్పిన మనిషి ఎవరు?"

మదన్ మోహన్ వెనక్కి చూశాడు. అంకిత ఫైలు అంచును గోటితో గీరుతోంది. "టైపు చేసింది నేను సార్," అంది. "చదివి... టైం లేకుండె."

ఆఫీసర్ రెండు కాగితాలూ బోర్లించాడు. "సరే. నువ్వే నోటితో చెప్పమ్మా."

యశోద చెప్పింది. మిషన్ చప్పుడు మారకపోవడం, రెండోసారి మూసుకోవడం, ఎర్ర బటన్. చెబుతుంటే వరండాలో ఐలమ్మ కొంగు నోట్లో కుక్కుకోవడం కిటికీలోంచి కనిపించింది. మధ్యలో మదన్ మోహన్ ఒక కాగితం ముందుకు తోశాడు. ఎల్లం ఫోన్‌కు ఆ పొద్దున వచ్చిన కాల్స్ చిట్టా, అతన్ని దవాఖానాలో చేర్చిన రోజు కంపెనీ వాళ్లు అతని ఫోన్‌లోంచి తీసుకున్నది. ప్రమాదానికి ముందు నిమిషంలో ఒక కాల్ ఉంది.

"దీనికేమంటవు యశోదమ్మా? మాట్లాడలేదంటవా?"

ఆశా ఉండనిమ్మన్న వాక్యం యశోద కళ్ల ముందు తిరిగింది. "నేనట్ల అనలే సార్. నా ఈపు అటున్నది. సూడలేదనే రాసిచ్చిన."

ఆఫీసర్ బోర్లించిన కాగితం తిప్పి ఆ ముక్క మీద వేలు పెట్టుకున్నాడు. ఎల్లాన్ని లోపలికి పిలిచాడు.

"ఫోనొచ్చింది సార్," అన్నాడు ఎల్లం. "పొలం కాడికెల్లి. పనిల ఉన్న, తర్వాత చేస్త అని జేబుల ఏసుకున్న. ఆ తర్వాత ఎన్ని అట్టలు వెట్టిన్నో యాది లేదు. ఏడెనిమిది వెట్టి ఉంట." అబద్ధం చెప్పాల్సిన అవసరం తప్పినందుకేమో, చెప్పి ఊపిరి పీల్చుకున్నాడు.

"కడ్డీ ఆ రోజు నువ్వు విప్పినవా?"

"అది ఉంటే గద సార్ ఇప్పేది!"

ఆఫీసర్ యశోద వైపు తిరిగాడు. "ఇప్పుడెక్కడుందో రాసినవు. నిజమేనా?"

"కంప్రెసర్ రూము వెనక సార్. మేం బాత్రూంకు పోయే తొవ్వల. తుప్పువట్టి, గడ్డి మొలిచి ఉంది. ఎవలైనా పోయి సూడొచ్చు."

ఆయన ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడాడు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ అని యశోదకు తర్వాత తెలిసింది. సాయంత్రానికి వాళ్లు కంపెనీకి వచ్చారు. గడ్డి పీకి, కడ్డీకి చుట్టుకున్న తీగను కోసి బయటకు లాగి ఫోటోలు తీశారు. కడ్డీ బిగించేదాకా పంచింగ్ మిషన్ నడపొద్దని కాగితం అంటించారు. ఎల్లం కేసు వచ్చే నెలకు పడింది. కానీ తానే కడ్డీ విప్పాడన్న మాట మాత్రం ఆ రోజుతో చెల్లకుండా పోయింది.

అంతకుముందు, ఆఫీసు మెట్ల దగ్గర, ఐలమ్మ యశోద కోసం ఆగింది.

"రెండుసార్లు మూసుకున్నదా యశోదా?" అని అడిగింది. "ఆయన నాకు చెప్పలే."

యశోద తల ఊపింది.

"నీ మీద కోపం పోలే నాకు. పోతదో పోదో." ఐలమ్మ కళ్లు తుడుచుకుంది. "కట్టు మార్పియ్యాలె, పోతున్న." ఎల్లం భుజం పట్టుకుని మెట్లు దిగింది.

*

శుక్రవారం, శనివారం కంపెనీలో యశోదతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. పంచింగ్ ఆగడంతో పన్నెండు మంది ఆడవాళ్లను మధ్యాహ్నానికే ఇంటికి పంపారు. ఉన్నవాళ్లు పాత అట్టల అంచుల్ని కత్తులతో కోస్తూ కూర్చున్నారు. భూలక్ష్మి తన పీటను యశోదకు వీపు పెట్టి జరుపుకుంది.

"ఒక్కని ఏళ్ల కోసం పన్నెండు మంది నోట్ల మన్ను గొట్టె," అంది గాలితో అన్నట్టు. యశోద కత్తి అట్టలో ఇరుక్కుంది. లాగితే సగం పెట్టె చిరిగింది. నిజమేనేమో అనిపించింది. తాను నోరు మూసుకుని ఉంటే ఈ పాటికి మిషన్ నడిచేది. అలా నడిచేది కూడా కడ్డీ లేకుండానే కదా, అని ఇంకో పక్క అనిపించింది. ఏ పక్కకూ మనసు నిలవలేదు. మల్లేశ్ వేరే పని చూసుకోమన్నాడు. ఆదివారమంతా ఆమె ఇల్లు కడిగింది.

సోమవారం పది గంటలకు అంకిత ఫైలు పట్టుకుని వాళ్ల విభాగంలోకి వచ్చింది. వెనక సూపర్‌వైజర్ ఉన్నాడు.

"అందరు ఇక్కడ సంతకాలు పెట్టండ్రి. సేఫ్టీ ట్రైనింగ్ అయినట్టు. ఇది ఇస్తే మిషన్ జల్ది నడుస్తది," అన్నాడతను.

మిషన్ నడుస్తుందనగానే ఆడవాళ్లలో కదలిక వచ్చింది. భూలక్ష్మి ముందుగా లేచింది. పెన్ను అందుకుంది. యశోద చూడొద్దనుకుంటూనే తలెత్తి చూసింది. భూలక్ష్మి ఫైలు మీదికి వంగి అలాగే ఉండిపోయింది. నిండా ఇంగ్లీషు అక్షరాలు.

"ఏం రాసిండ్రు బిడ్డా గీంట్ల?"

"ఏం లేదమ్మా. ఫార్మాట్," అంది అంకిత.

"ఫార్మాటే సదువు. ఇంటం."

"పెట్టు భూలక్ష్మీ, టైం పోతది," అన్నాడు సూపర్‌వైజర్.

"నాకేం తొందర లేదు. మిషన్ నడుస్తలేదాయె." భూలక్ష్మి అంకిత ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు. "సదువు బిడ్డా. తెలుగుల."

అంకిత క్యాబిన్ వైపు చూసింది. ఫైలు పైకెత్తింది. "కింద సంతకం చేసిన మేము..." మొదలుపెట్టి, మాట వెతుక్కుని, మళ్లీ అందుకుంది. "పంచింగ్ మిషన్ దగ్గర పని చేసేటందుకు, రక్షణ కడ్డీ వాడేటందుకు... కంపెనీ మాకు పూర్తి ట్రైనింగ్ ఇచ్చింది. ఈ ట్రైనింగ్ పోయిన జనవరి..." ఆగిపోయింది. ఆ తేదీ ఆమె వేళ్లు టైపు చేసిందే. గొంతుతో పలకడం మాత్రం ఇదే మొదటిసారి.

"జనవరిలనా?" ఎవరో అన్నారు. "నాకు ఇయ్యలే."

"నాకూ ఇయ్యలే."

"మేడం, నీకిచ్చిండ్రా?" భూలక్ష్మి అడిగింది. ఆ గొంతులో ఎకసెక్కం లేదు. నిజంగానే అడిగింది.

అంకిత బుగ్గలు ఎర్రబడ్డాయి. "నేను చేరిందే మార్చిల," అంది. ఫైలు మూసింది. సూపర్‌వైజర్ ఏదో అంటున్నా వినిపించుకోకుండా క్యాబిన్ వైపు నడిచింది. మొదట మెల్లగా, తర్వాత వడివడిగా. అద్దాల తలుపు వెనక ఆమె ఫైలును మదన్ మోహన్ బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడే మాట్లాడటం అందరికీ కనిపించింది. మాటలు వినిపించలేదు.

భూలక్ష్మి చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. దాన్ని జాకెట్‌లో దోపుకుని, పీటను కాలితో తోసుకుంటూ యశోద పక్కకు వచ్చింది.

"జర జరుగు," అంది.

యశోద కోసిన అట్టల్ని అవతలికి నెట్టి చోటిచ్చింది.